రాయవేలూరు వాదన

చెన్నై నుంచి బెంగళూరు పోయే హైవే మీద వేలూరు దాటితే పళ్ళికొండ టోల్‌గేటు. ఆ చుట్టుపక్కలే కుడివైపు తిరిగి పాలారు దాటితే గుడియాత్తం దారి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపించే ఆ ఏటి ఒడ్డున, పళ్ళికొండ గుళ్ళో రంగనాథస్వామి శేషతల్పం మీద తీరిగ్గా పడుకుని ఉంటాడు. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం మాట్లాడే కుటుంబాలకు ఇక్కడి ఊళ్ళలో కొదవ లేదు. మన పెద్దలు వేలూరును రాయవేలూరు అనేవారు. గుడియాత్తం మీదుగా పారే కౌండిన్య కూడా మన పలమనేరు వైపు నుంచి వచ్చిందే.

టోల్‌గేటు దగ్గర ఆంధ్రా నంబరు ప్లేట్ల బళ్ళు ఎప్పుడూ ఉంటాయి. కొందరు సీఎంసీ ఆసుపత్రికి వచ్చినవాళ్ళు, కొందరు వీఐటీలో పిల్లల్ని దింపడానికి వచ్చినవాళ్ళు. ఆ పిల్లల్లో ఎంబీఏ దాకా వెళ్ళినవాళ్ళకు ఎక్కడో ఒకచోట నాయకత్వం మీద ఒక పాఠం తగులుతుంది. తెర మీద ముందు ఒక గీతా శ్లోకం, ఆ తర్వాత ఒక అమెరికన్ ఆచార్యుడి సిద్ధాంతం, రెంటినీ కలుపుతూ ఒక బాణం గుర్తు. తూర్పు తత్వాన్ని పడమటి నాయకత్వ విద్యతో మేళవించడం దేశమంతా ఇప్పుడు పెద్ద వ్యాపారం. నిజం చెప్పాలంటే అందులో చాలా భాగం పెరుగన్నం మీద చాక్లెట్ సాస్ పోసినట్టు ఉంటుంది.

అసలు మేళవింపు ఇదే దారిలో నూట ఇరవై ఏళ్ళ కిందట మొదలైంది. అది పొందికగా కుదిరిన వ్యవహారం కాదు. అవమానం, పంతం, జవాబు, ఎదురు జవాబు కలిసిన పెద్ద వాదన. దాన్ని మొదలుపెట్టినవాడు ఒక తెలుగు కుర్రాడు.

ఒకే ఊరు, ఒకే మిషన్

సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో పుట్టారు. పూర్వీకులది నెల్లూరు జిల్లా సర్వేపల్లి. తండ్రి వీరాస్వామి జమీందారీ కొలువులో చిరుద్యోగి. తిరుత్తణిలో అక్షరాభ్యాసం, తిరుపతిలో జర్మన్ లూథరన్ మిషన్ బడి, ఆ తర్వాత 1900లో వేలూరు. అక్కడి వూరీస్ కాలేజీలో 1904 దాకా చదివారు. పెళ్ళి కూడా ఆ నాలుగేళ్ళలోనే శివకామమ్మతో అయింది. (ఆయన పుట్టిన తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న సరిహద్దు సర్దుబాటులో ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. అప్పుడాయన దేశ ఉపరాష్ట్రపతి. సొంత ఊరు రాష్ట్రం మారుతుంటే రాజ్యసభ అధ్యక్ష స్థానంలో కూర్చున్న మనిషి మన చరిత్రలో మరొకరు ఉండకపోవచ్చు.)

వూరీస్ కాలేజీ అమెరికా నుంచి వచ్చిన ఆర్కాటు మిషన్‌ది. ఆయన వేలూరుకు వచ్చిన ఆ 1900లోనే, అదే మిషన్ పనిమీద ఒక అమెరికన్ యువతి డాక్టరు పట్టా పుచ్చుకుని ఈ ఊళ్ళో దిగింది. ఆమె ఐడా స్కడర్. పుట్టింది పక్కనే ఉన్న రాణిపేటలో, 1870లో. మిషనరీ కుటుంబంలో పుట్టినా ఈ దేశంలో ఉండిపోవాలని ఆమెకు మొదట్లో లేదు. తిండివనంలో ఉన్న తల్లిదండ్రుల దగ్గరికి వచ్చినప్పుడు ఒకే రాత్రి ముగ్గురు భర్తలు వచ్చి తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ పురిటి నొప్పుల్లో ఉన్నారు. డాక్టరైన ఆమె తండ్రిని మాత్రం వాళ్ళు ఇంటికి రానివ్వరు, మగవాడు కాబట్టి. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు. ఐడా అమెరికా వెళ్ళి కార్నెల్‌లో వైద్యం చదివి 1899లో పట్టా తీసుకుని తిరిగొచ్చింది.

ఈ కథను త్యాగగాథగా చెప్పడం మామూలు. నాయకత్వం కోసం చూసేవాళ్ళు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఆచారం తప్పని ఊరికి బోధించి, ఊరు మారేదాకా చూస్తూ కూర్చునే పని ఆమె పెట్టుకోలేదు. ఆ ఆచారం గడప దాటి లోపలికి వెళ్ళగలిగేది ఆడ డాక్టరే గనక ముందు తానే ఆ డాక్టరైంది. తర్వాత ఇక్కడి అమ్మాయిలను డాక్టర్లను చేసింది. 1902లో నలభై పడకల షెల్ ఆసుపత్రి, 1918లో ఆడపిల్లల వైద్య పాఠశాల. 1909లో ఫ్రెంచి ప్యూజో కారు వచ్చాక గుడియాత్తం వైపు వారం వారం వెళుతూ దారిలో చెట్ల కింద బండి ఆపి రోగులను చూసేది. ఆసుపత్రికి రోగి రావాలన్న పడమటి లెక్కను ఆ రోడ్డు మీద తిరగేసింది. ఆమె ఆసుపత్రి నుంచే పెరిగిన సీఎంసీ వాళ్ళు 1977లో కె.వి.కుప్పం ప్రాంతంలో రూసా అనే గ్రామీణ ఆరోగ్య విభాగాన్ని పెట్టింది కూడా గుడియాత్తం వెళ్ళే ఆ వైపే.

ఆ నాలుగేళ్ళు ఒకే ఊళ్ళో ఒకే మిషన్ నీడన ఉన్న ఈ ఇద్దరూ ఎదురుపడ్డారో లేదో గాని, మిషన్ ఇద్దరినీ రెండు రకాలుగా మలిచింది. ఆమె చేత సేవ చేయించింది. ఆయన చేత తిరుగు సమాధానం చెప్పించింది.

గాయపడ్డ పంతం

మిషన్ కాలేజీల్లో పాఠం బాగుండేది, ఇంగ్లీషు బాగుండేది. దానితోపాటు హిందూ మతం మీద విమర్శ కూడా రోజూ ఉండేది. మీ వేదాంతం ప్రకారం లోకమే మాయ అయినప్పుడు మంచికీ చెడుకీ తేడా ఎక్కడిది, మీ కర్మ సిద్ధాంతంలో పక్కవాడి కష్టానికి చోటెక్కడిది అని అడిగేవారు. ఇంట్లో నిష్ఠగా పూజలు చూసి పెరిగిన పిల్లవాడికి అది గుచ్చుకుంది. క్రైస్తవ విమర్శకుల సవాలే తనను హిందూ ధర్మంలో బతికున్నదేమిటో చచ్చినదేమిటో వెతికేలా చేసిందని ఆయన తర్వాత తానే రాసుకున్నారు.

మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో తత్వశాస్త్రం తీసుకోవడం యాదృచ్ఛికం. డబ్బు చాలని రోజులు. ఒక బంధువు తన చదువు అయిపోయాక తత్వశాస్త్రం పుస్తకాలు ఇచ్చేస్తే అవే చదివారు. ఎం.ఏ. కోసం రాసిన వ్యాసం సరిగ్గా ఆ విమర్శకు జవాబే: వేదాంతంలో నీతి ఉంది, దాని పునాదులు ఇవి అని. 1908లో అది పుస్తకంగా వచ్చేనాటికి ఆయనకు ఇరవై ఏళ్ళు. విశేషమేమిటంటే, దాన్ని మెచ్చుకున్నవాడు హిందూ కర్మ సిద్ధాంతాన్ని శ్రద్ధగా చదివి విమర్శించిన క్రైస్తవ ఆచార్యుడు ఎ.జి. హాగ్. తనతో విభేదించే శిష్యుడికి మంచి యోగ్యతాపత్రం ఇచ్చిన గురువు ఆయన.

రాధాకృష్ణన్ తర్వాతి జీవితంలో పదేపదే కనిపించే గుణానికి విత్తు ఇక్కడే పడిందని చెప్పుకోవచ్చు. ఎదుటివాడి భాషలో ఎదుటివాడికి జవాబు చెప్పడం, చెప్పాక అతణ్ణి గదిలోనే కూర్చోబెట్టుకోవడం. శంకరుణ్ణి ఇంగ్లీషులో, కాంట్ పక్కన నిలబెట్టి చెప్పడంలోని నేర్పు ఆయనది. 1923లో, 1927లో రెండు సంపుటాలుగా వచ్చిన ‘ఇండియన్ ఫిలాసఫీ’తో ఆ నేర్పు లోకానికి తెలిసింది. 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో తూర్పు మతాలు, నీతిశాస్త్రాల ఆచార్య పీఠం దక్కింది.

చిత్తూరు చుట్టాలు

ఇక్కడ కాస్త దారి మళ్ళాలి. నేటి మేనేజ్‌మెంటు క్లాసుల్లో అందరూ చెప్పే సిద్ధాంతం ఒకటుంది: నాయకుడంటే ముందు సేవకుడు. దీన్ని 1970లో ఒక వ్యాసంలో ప్రతిపాదించినవాడు రాబర్ట్ గ్రీన్‌లీఫ్. అమెరికన్ టెలిఫోన్ దిగ్గజం ఏటీ అండ్ టీలో దశాబ్దాలు పనిచేసి రిటైరైన మనిషి. తనకా ఆలోచన హెర్మన్ హెస్సే 1932లో రాసిన జర్మన్ నవలిక నుంచి వచ్చిందని ఆయనే చెప్పాడు. తూర్పు దేశాలకు యాత్ర పోయే ఒక బృందం కథ అది. మూటలు మోసి, చాకిరీ చేసి, పాటలు పాడే లియో ఉన్నట్టుండి మాయమైతే బృందమంతా చెల్లాచెదురవుతుంది. చాలా కాలానికి తెలుస్తుంది, ఆ పనివాడే వాళ్ళ సంఘానికి పెద్ద అని.

హెస్సేకి తూర్పు గాలి ఎటునుంచి తగిలింది? ఆయన తల్లి మేరీ 1842లో కేరళ తలశ్శేరిలో పుట్టింది. ఆమె తండ్రి హెర్మన్ గుండర్ట్, మలయాళ నిఘంటువు చేసిన మహా పండితుడు. ఆ గుండర్ట్ తలశ్శేరికి వెళ్ళకముందు కొంతకాలం ఉన్నది చిత్తూరులో. 1838లో జూలీ డుబోయిస్‌ను పెళ్ళాడిందీ చిత్తూరులోనే. అంటే అమెరికా నుంచి మనకు దిగుమతైన సేవక నాయకత్వం తాతా అమ్మమ్మల పెళ్ళి వేలూరు పక్క ఊళ్ళో జరిగిందన్నమాట! ఇది చరిత్ర చేసే చిలిపి పని, ఇంతకంటే పెద్ద నిర్ధారణ దీని మీద కట్టకూడదు. తూర్పు ఒక పెట్టెలో, పడమర ఒక పెట్టెలో ఉన్నాయి, మేం కలుపుతున్నాం అని చెప్పే శిక్షకుల మాట నమ్మే ముందు మాత్రం ఈ చుట్టరికాలు ఒకసారి తలుచుకోవాలి.

కుర్చీలో తత్వవేత్త

పుస్తకంలో తత్వం రాయడం వేరు, కుర్చీలో కూర్చుని మనుషులతో పని చేయించడం వేరు. రాధాకృష్ణన్‌కు ఆ పరీక్ష 1931లో వాల్తేరులో ఎదురైంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. ఆయనదీ చిత్తూరు పక్క కట్టమంచే, కేంబ్రిడ్జి చదువు. ఇద్దరూ మైసూరు మహారాజా కాలేజీలో పాఠాలు చెప్పినవాళ్ళే. అంటే ఆంధ్రుల విశ్వవిద్యాలయానికి మొదటి ఇద్దరు సారథులూ ఈ సరిహద్దు సీమ నుంచే వెళ్ళారు. స్వభావాలు మాత్రం ఉప్పూ నిప్పూ. సత్యాగ్రహుల మీద ప్రభుత్వ దమనకాండకు నిరసనగా కట్టమంచి 1930లో రాజీనామా విసిరికొట్టారు. ఆ ఖాళీలోకి వచ్చిన రాధాకృష్ణన్ అదే 1931లో బ్రిటిష్ వారి ‘సర్’ బిరుదు పుచ్చుకున్నారు. ధైర్యానికి మార్కులు వేయాలంటే కట్టమంచికే ఎక్కువ పడతాయి.

మనుషుల్ని పట్టుకురావడంలో మాత్రం రాధాకృష్ణన్‌కు సాటి లేదు. రామన్ శిష్యుడు సూరి భగవంతం భౌతికశాస్త్రానికి, టి.ఆర్. శేషాద్రి రసాయనశాస్త్రానికి వచ్చారు. ఆక్స్‌ఫర్డ్ నుంచి తిరిగొచ్చిన ఇద్దరు బెంగాలీ యువకులను వాల్తేరుకు రప్పించారు. ఒకరు హుమాయూన్ కబీర్, తర్వాత కేంద్ర విద్యామంత్రి. రెండోవారు హిరేన్ ముఖర్జీ, తర్వాత కమ్యూనిస్టు పార్టీ నుంచి పాతికేళ్ళు లోక్‌సభలో గర్జించినవారు. ఆస్తిక వేదాంతి తన విశ్వవిద్యాలయంలోకి మార్క్సిస్టు మొగ్గు ఉన్న కుర్రవాణ్ణి ఏరికోరి తెచ్చుకోవడం ఇవాళ వైస్ ఛాన్సలర్లు వినవలసిన సంగతి. డబ్బుకు జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఉన్నారు, ఏటా లక్ష రూపాయల దానంతో. 1936లో రాధాకృష్ణన్ వెళ్ళాక ఆ కుర్చీలోకి మళ్ళీ వచ్చింది ఎవరనుకున్నారు? కట్టమంచే.

1939లో గాంధీ డెబ్భయ్యో పుట్టినరోజుకు రాధాకృష్ణన్ ఒక వ్యాస సంపుటి తెచ్చారు. ఐన్‌స్టీన్ లాంటి అభిమానులు రాయడంలో వింత లేదు. అందులో జనరల్ స్మట్స్ కూడా ఉన్నాడు. దక్షిణాఫ్రికాలో గాంధీని జైల్లో పెట్టిన స్మట్స్! పొగడ్తల పుస్తకంలో ప్రత్యర్థికి పీట వేయాలని తోచడం వూరీస్ కాలేజీలో మొదలైన అలవాటు కొనసాగింపే.

కాశీలో అదే ఏడు మాలవీయ పిలుపు మీద హిందూ విశ్వవిద్యాలయం పగ్గాలు పట్టారు. 1942 ఉద్యమంలో విద్యార్థులు రోడ్డెక్కితే గవర్నర్ మారిస్ హాలెట్ ఆవరణను యుద్ధపు ఆసుపత్రిగా మార్చేయాలనుకున్నాడు. రాధాకృష్ణన్ ఢిల్లీ వెళ్ళి వైస్రాయి దగ్గర మాట్లాడి ఆపించారు. కట్టమంచిలా బిరుసుగా తలుపు వేసి వచ్చే మనిషైతే ఆ రోజు ఆవరణ దక్కేది కాదేమో. రెండు పద్ధతులూ కావలసినవే, ఏది ఎప్పుడన్నదే చిక్కు.

ఇక మాస్కో. 1949లో నెహ్రూ ఆయన్ని రాయబారిగా పంపితే చాలామంది నొసలు చిట్లించారు. అంతకుముందు ఆ పదవిలో ఉన్న విజయలక్ష్మీ పండిట్‌కు స్టాలిన్ దర్శనమే దొరకలేదు. మంచం మీద పడుకుని చదువుతూ, మంచం మీదే రాసుకునే ఈ తత్వవేత్తను (పళ్ళికొండ స్వామి మెచ్చే అలవాటే) స్టాలిన్ 1950 జనవరిలో పిలిపించాడు, 1952 ఏప్రిల్‌లో సెలవు తీసుకునేటప్పుడూ కలిశాడు. మొదటి భేటీలో ఆయన అశోకుడి కథ ఎత్తారని చెబుతారు. నెత్తుటి యుద్ధం గెలిచాక మనసు మారిన చక్రవర్తి మాకొకడున్నాడు, మీకూ అలా జరగవచ్చునేమో అన్నారట. స్టాలిన్ నవ్వి, అద్భుతాలు జరగవచ్చు, తానూ మతపాఠశాలలో చదివినవాణ్ణే అని జవాబిచ్చాడట. ఈ కథకు కాలక్రమంలో కొంత మెరుగు పట్టి ఉండవచ్చు. భారత్‌ను సామ్రాజ్యవాదుల తోక అనుకున్న మాస్కో ఆ రెండున్నరేళ్ళలో మెత్తబడ్డదన్నది మాత్రం దౌత్య చరిత్ర.

గుడియాత్తం అడిగిన ప్రశ్న

ఇంతవరకూ చదివితే ఆయన పద్ధతికి లోటు లేదనిపిస్తుంది. ఉంది, పెద్దదే. 1926లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో, మరుసటి ఏడు ‘ది హిందూ వ్యూ ఆఫ్ లైఫ్’గా వచ్చిన పుస్తకంలో, రాధాకృష్ణన్ కుల వ్యవస్థకు తాత్విక సమర్థన వెతికారు. భిన్న జాతులను, వృత్తులను కొట్లాట లేకుండా సర్దిన ఏర్పాటుగా దాన్ని చూపించారు. తెల్లవాడి విమర్శకు జవాబు చెప్పే ఉత్సాహంలో సొంత ఊళ్ళో వెలివాడ నుంచి రావలసిన విమర్శను వినలేదు. అది పదేళ్ళకు వచ్చింది. 1936లో ‘యానిహిలేషన్ ఆఫ్ కాస్ట్’లో అంబేద్కర్, హిందూ నాగరికత వేల ఏళ్ళుగా బతికుండటమే దాని గొప్పకు రుజువన్న రాధాకృష్ణన్ వాదాన్ని పేరెత్తి మరీ పట్టుకున్నాడు. బతికి ఉండటం కాదు, ఏ స్థాయిలో బతికామన్నది ప్రశ్న అని నిలదీశాడు. మిషనరీలకు పుస్తకాల మీద పుస్తకాలు జవాబుగా రాసిన మనిషి నుంచి ఈ ప్రశ్నకు అంత బరువైన జవాబు రాలేదు. తూర్పు తత్వాన్ని నాయకత్వ పాఠంగా అమ్మేవాళ్ళు నేటికీ దాటవేసే పేజీ ఇదే.

ఆ ప్రశ్నకు రాజకీయంలో జవాబు చెప్పింది మాత్రం మన గుడియాత్తమే. 1952లో రాజాజీ మద్రాసు ముఖ్యమంత్రి అయ్యారు. ఎన్నికలో నిలబడకుండా, గవర్నర్ నామినేషన్‌తో శాసనమండలిలోకి వచ్చారు. మహాభారతాన్ని, ఉపనిషత్తులను తమిళంలో, ఇంగ్లీషులో అందరికీ అందించిన మేధావి. తూర్పు పడమరలు ఒకే తలలో ఇమిడిన మనిషి కావాలంటే ఆయనకు మించినవాడు దొరకడు. ఆయన 1953లో తెచ్చిన ప్రాథమిక విద్యా పథకం పిల్లల్ని సగంపూట బడికి పంపి, తక్కిన పూట ఇంటి వృత్తి నేర్చుకోమంది. చాకలి కొడుకు చాకిరేవుకే పోవాలా అని జనం భగ్గుమన్నారు. కులవిద్య అని పేరు పెట్టారు. రాజాజీ దిగిపోయారు.

1954 ఏప్రిల్ 13న ఆ కుర్చీలోకి కామరాజ్ వచ్చారు. ఆరో తరగతితో బడి మానేసినవారు. మండలి తలుపు ఆయనకూ తెరిచే ఉంది, అటు పోలేదు. శాసనసభకే పోటీ చేస్తానని ఎంచుకున్న నియోజకవర్గం గుడియాత్తం. సొంత జిల్లా కాదు, సొంత కులం బలమున్న చోటూ కాదు. కాంగ్రెస్‌ను తిట్టే పెరియార్, అణ్ణాదురై ఇద్దరూ ఆయన గెలుపు కోరారు. ఆ ఆగస్టు ఉపఎన్నికలో నెగ్గారు. అప్పటికే కులవిద్య పథకం రద్దయింది. మూతపడ్డ బళ్ళు తెరిపించడం, మధ్యాహ్న భోజనం ఆ పాలనలోవే.

ఆ మంత్రివర్గంలో ఎవరున్నారో చూడాలి. పార్టీ నాయకత్వానికి తన మీద పోటీ చేసి ఓడిన సి. సుబ్రమణ్యం ఉన్నారు. సుబ్రమణ్యం పేరు ప్రతిపాదించిన భక్తవత్సలమూ ఉన్నారు. ఓడినవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోవడానికి కామరాజ్‌కు శంకరుడూ అక్కర్లేకపోయాడు, కాంటూ అక్కర్లేకపోయాడు. రాధాకృష్ణన్ గ్రంథాల ద్వారా చేరిన చోటికి కామరాజ్ ఊళ్ళు తిరిగి చేరారు. కింది మెట్టు మీదున్నవాడి మాట వినడంలో రాధాకృష్ణన్ కంటే ముందున్నారు కూడా. ఇవాళ గుడియాత్తం షెడ్యూల్డు కులాలకు రిజర్వయిన స్థానం.

చివరి ప్రసంగం

ఈ ఇద్దరి దారులూ ఢిల్లీలో కలిశాయి. రాధాకృష్ణన్ పదేళ్ళు ఉపరాష్ట్రపతిగా రాజ్యసభను శ్లోకాలతో, ఛలోక్తులతో నడిపి, 1962 మే 13న రాష్ట్రపతి అయ్యారు. ఆ పదవి అలంకారమేనని తలచిన వాళ్ళకు ఆ శరత్కాలంలోనే ఆశ్చర్యం ఎదురైంది. చైనా దాడి తర్వాత, ప్రభుత్వం నమ్మకూడనివాళ్ళను నమ్మి ఏమరుపాటుగా ఉందని రాష్ట్రపతే బాహాటంగా అన్నారు. తనను ఆ పదవికి తెచ్చిన నెహ్రూ మీద మాట అది. 1963లో కామరాజ్ ముఖ్యమంత్రి పదవి వదిలి పార్టీ పనికి వెళ్ళి, పెద్ద పెద్ద మంత్రుల చేతా పదవులు వదిలించారు. నెహ్రూ పోయాక శాస్త్రి, శాస్త్రి పోయాక ఇందిర. రెండుసార్లూ ఎంపికను నడిపించింది కామరాజ్, ప్రమాణం చేయించింది రాధాకృష్ణన్.

1967 గణతంత్ర దినానికి ముందురోజు రాత్రి రేడియోలో రాష్ట్రపతి దేశానికి చెప్పిన మాటలు సొంత ప్రభుత్వానికే తగిలాయి. అసమర్థత ఎక్కడ చూసినా ఉందని, వనరుల నిర్వహణ ఘోరంగా ఉందని కుండబద్దలు కొట్టారు. ఎన్నికలు ముంగిట్లో ఉన్నాయి. పాలకులకు అది రుచించలేదు. ఆయన్ని రెండోసారి కొనసాగించాలని కామరాజ్ పట్టుబట్టారు గాని, ఆ ఎన్నికల్లో సాక్షాత్తూ విరుదునగర్‌లో ఒక విద్యార్థి నాయకుడి చేతిలో ఓడిన కామరాజ్ మాట చెల్లలేదు. ఇందిర జాకీర్ హుసేన్‌ను ఎంచుకున్నారు. రాధాకృష్ణన్ మే నెలలో పదవి దిగి మద్రాసు మైలాపూర్ ఇంటికి వెళ్ళిపోయారు. 1975లో ఆయనకు టెంపుల్టన్ బహుమతి వచ్చింది, ఆ సొమ్మంతా ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. ఆ ఏడు ఏప్రిల్‌లో ఆయన, అక్టోబరు 2న కామరాజ్ కన్నుమూశారు.